ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా?

శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు గొర్లె దాలినాయుడు ఉన్నాడా, లేడా అన్నది తేల్చేస్తారు.

మనిషి ఎదురుగానే ఉన్నాడు. విశాఖపట్నంలో సముద్రం కనిపించే కొండమీద, ఒక పరిశోధనాశాల మూడో అంతస్తులో, తెల్లటి మంచం మీద పడుకుని ఉన్నాడు. గుండె కొట్టుకుంటోంది. ఊపిరి ఆడుతోంది. అంతవరకే. రెండు నెలల కిందట గోపాలపట్నంలోని తన ఇంట్లో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రేడియో ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. మెదడులో నరం చిట్లింది. ఆ రోజునుంచి కనురెప్ప కదల్లేదు. చెవి పనిచెయ్యలేదు. ఆ శరీరంలో మనిషి మిగిలాడో లేదో చెప్పగలిగే పరీక్ష ఏ ఆసుపత్రిలోనూ లేదు.

ఇక్కడ మాత్రం గింజ ఉంది.

పెసరగింజంత పరికరం అది. డాక్టర్ నీలోఫర్ పదకొండేళ్ల కష్టం. చెవి వెనక ఎముక కింద పెడితే, మనిషి నోటితో అనబోయిన మాటను నాలుకదాకా వెళ్లకముందే పట్టుకుని, రేడియో తరంగంగా బయటికి పంపుతుంది. బయటినుంచి పంపిన మాటను తిరిగి లోపలికి వినిపిస్తుంది. దాలినాయుడికి దాన్ని పెట్టి పద్దెనిమిది రోజులైంది. ఇంతవరకూ ఒక్క మాట రాలేదు. గింజను ముప్ఫై రోజులకు మించి ఉంచకూడదు. అన్నాళ్లు ఆగే ఓపిక ఈ ప్రయోగాన్ని పర్యవేక్షించే ఢిల్లీ సంఘానికి లేదు. శుక్రవారంలోగా మాట రాకపోతే గింజ తీసేసి, "లోపల ఎవరూ లేరు" అని కాగితం రాస్తారు. దాని కింద భార్య సంతకం పెట్టాలి.

"నేను పెట్టను," అంది పైడితల్లి సోమవారం పొద్దున్న. గోపాలపట్నం బజారులో ఇరవయ్యేళ్లుగా కుట్టుమిషన్ తొక్కుతున్న మనిషి ఆమె. "ఆయన ఉన్నాడు. నాకు తెలుసు."

"ఎలా తెలుసమ్మా?" అని నీలోఫర్ అడిగింది. వెటకారంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని.

"నలభై ఏళ్లు ఒక మనిషి పక్కన పడుకుంటే తెలుస్తాదమ్మా. ఏదీ, ఒకపాలి నన్ను విననీయండి."

నీలోఫర్ తన హెడ్‌ఫోన్లు తీసి ఆమె చెవులకు పెట్టింది. సన్నని ఈల. ఎక్కడా తెగకుండా, ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా సాగిపోతున్న ఈల. దాని వెనక వాన పడుతున్నట్టు గరగర.

"ఈ ఈల ఏటి?"

"అది మేము వేసేదే. గింజ ఒకచోట నిలబడదమ్మా. ఒంటి వేడినిబట్టి దాని ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. ఈ ఈల తాడు లాంటిది. దాన్ని పట్టుకునే మా కంప్యూటర్ గింజ ఎక్కడుందో చూసుకుంటుంది."

"రాత్రీ పగలూనా?"

"రాత్రీ పగలూ. తాడు తెగితే గింజ తప్పిపోతుంది. పది నిమిషాల్లో దొరక్కపోతే అది నిద్రపోతుంది. మళ్లీ లేవదు."

"మరి మనసులో అనుకున్నవన్నీ వినబడిపోతాయేటి?"

"లేదమ్మా. అనాలని నిర్ణయించుకున్న మాటే వస్తుంది. ఊరికే అనుకున్నవి రావు."

పైడితల్లి హెడ్‌ఫోన్లు తీసి మంచంకేసి చూసింది. "రోజంతా రేడియోలో వాగేవాడు," అంది. "ఇప్పుడు రేడియో తలలోనే పెడితే నోరు మెదపడు. ఏం మనిషో!"

*

ఆ మధ్యాహ్నం ఆమె భీమిలికి ఫోన్ చేసింది. ఏసుపాదం మాస్టారు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. దాలినాయుడికి రేడియోలో ముప్ఫయ్యేళ్ల స్నేహితుడు. రోజూ పొద్దున్న ఏడున్నరకి ఇద్దరూ ఒకరినొకరు పిలుచుకునేవారు. నేరుగా కలిసింది మాత్రం ఆరేడుసార్లే.

"మాస్టారూ, ఆ కంప్యూటర్‌కి వినబడనిది మనిషి చెవికి వినబడొచ్చా?"

"వినబడొచ్చు. గట్టి చెవి కావాలి. మీ ఆయనది అలాంటి చెవి."

"మీరొచ్చి వినండి."

"నా చెవులు అరిగిపోయాయమ్మా. మిషను పెట్టుకున్నా సగం అక్షరాలు అందవు. చెయ్యి నేను నేర్పుతాను. చెవి నీదే కావాలి."

మంగళవారం పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, జేబులో మూడు పెన్నులతో ఉన్నాడు. దాలినాయుడి గది తలుపు తీస్తే రెండు నెలల దుమ్ము. బల్లమీద నల్లటి రేడియో, పెద్ద గుండ్రటి మీట, పక్కన మైకు, లాగ్‌పుస్తకం. కుర్చీ ఆ రోజు పడినట్టే పక్కకు తిరిగి ఉంది. పైడితల్లి ముందు దాన్ని సరిగ్గా నిలబెట్టి, తర్వాత కొంగుతో దుమ్ము తుడిచింది.

"దీన్నే గదా నేను ముప్ఫయ్యేళ్లు తిట్టాను," అంది.

"అది తిట్లన్నీ విందమ్మా. పగ పెట్టుకోదు. కూర్చో."

రేడియో వెలిగింది. గదంతా గరగర. మాస్టారు మీట తిప్పితే ఎక్కడో బాతు అరిచినట్టు ఒక గొంతు కువకువలాడింది.

"ఇదేటి, బాతులు మాట్లాడుకుంటున్నాయి?"

"బాతు కాదు, రాజమండ్రిలో ఉండే స్టేషన్‌మాస్టరు. మనం ఆయన ఉన్నచోటుకి సరిగ్గా చేరలేదు. తిప్పు. మెల్లగా. ఇంకా మెల్లగా. అంత కాదు!"

బాతు కాస్తా దెయ్యమైంది. లోతుగా, గుహలోంచి వచ్చినట్టు. దాటిపోయిందన్నమాట. పైడితల్లి వెనక్కి తిప్పింది. మళ్లీ బాతు. ఆ రోజంతా బాతులూ దెయ్యాలే. సాయంత్రానికి ఆమెకు తలనొప్పి పట్టుకుంది.

"నా వల్ల కాదు మాస్టారూ."

"మిషన్‌మీద దారం బిగువు ఎలా సరిచేస్తావు?"

"ఎలగేటి? చేత్తోనే. కుట్టు వదులైతే చిన్న మర తిప్పుతాను."

"ఎంత?"

"ఎంతంటే..." ఆమె వేళ్లు గాల్లో కదిలాయి. చూపుడు వేలు, బొటనవేలు మధ్య ఆవగింజంత కదలిక. "ఇంత."

"అంతే ఇక్కడా."

బుధవారం మధ్యాహ్నానికి బాతులు మనుషులయ్యారు. రాజమండ్రి స్టేషన్‌మాస్టరు తన మోకాళ్ల నొప్పుల గురించి చెబుతున్నాడు. శ్రీకాకుళంలో ఎవరికో జీడిమామిడి చెట్లకు పురుగు పట్టింది. పైడితల్లి కళ్లు మూసుకుని మీట తిప్పుతుంటే, గాల్లోంచి ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా కూర్చున్నట్టుంది. దాలినాయుడు ఇన్నేళ్లూ ఈ గదిలో ఒంటరిగా ఉన్నాడనుకుంది. ఇంత జనం మధ్య ఉన్నాడన్నమాట.

గురువారం పొద్దున్న పెద్ద తప్పు చేసింది.

మీట పక్కనే ఒక చిన్న బటన్ ఉంది. నొక్కితే రేడియో తనను తాను యాంటెనాకు సరిచేసుకుంటుంది. అందుకోసం నాలుగు సెకన్లపాటు గాల్లోకి ఒక ఈల వదులుతుంది. పైడితల్లి చెయ్యి తగిలి అది నొక్కుకుంది. మాట్లాడుతున్న స్టేషన్‌మాస్టరు గొంతు ఆగిపోయింది. మరుక్షణం కోపంగా తిరిగి వచ్చింది.

"ఎవరండీ అది? నడుస్తున్న మాటమీద ఈల వేస్తారా? బుద్ధి ఉందా?"

మాస్టారు ముఖం కందిపోయింది. గబగబా మైకు అందుకుని, రేడియోలో తనకిచ్చిన పిలుపుగుర్తు చెప్పి, "క్షమించాలి, కొత్త చెయ్యి," అన్నాడు. మైకు పెట్టేసి పైడితల్లివైపు తిరిగాడు.

"ఇది మాత్రం చెయ్యకూడదమ్మా. గాలి అందరిదీ. ముందు వినాలి. ఎవరూ లేరనిపిస్తే 'ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా' అని మూడుసార్లు అడగాలి. ఎవరూ కాదనకపోతేనే మాట్లాడాలి. ఈల వినిపిస్తే ఎవరో అక్కడ సరిచేసుకుంటున్నారని లెక్క. ఆగాలి. మీ ఆయన ముప్ఫయ్యేళ్లలో ఒక్కసారి ఒకరి మాటమీద బటన్ నొక్కి ఎరగడు. ఈల వినబడితే గంటయినా సరే, నోరు మూసుకుని..."

మాస్టారి మాట మధ్యలోనే ఆగిపోయింది.

పైడితల్లి అప్పటికే లేచి నిలబడింది. అన్నం చల్లారిపోతోందని తలుపు దగ్గర నిలబడి ఎన్నిసార్లు అరిచిందో ఆమెకు గుర్తుంది. వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి ఎత్తి, 'ఉండు, ఇంకా ఖాళీ అవ్వలేదు' అనేవాడు.

"మాస్టారూ, ఆయన చెవులకి ఇవి పెట్టుకునే పడిపోయాడు."

"అవునమ్మా."

"లేచేసరికి చీకటి. చెవిలో ఈల."

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. "ఆగుతున్నాడు," అన్నాడు గొణుగుతున్నట్టు. "ప్రభువా! ఇరవై రోజులుగా మర్యాదగా కాసుకుని కూర్చున్నాడు."

*

"కుదరదు," అంది నీలోఫర్.

శుక్రవారం పదకొండు గంటలైంది. గురువారమంతా ఆమె ఢిల్లీనుంచి వచ్చిన సంఘం సభ్యులతోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆమె గది ముందు వరండాలో ఏసుపాదం మాస్టారు నల్లటి రేడియోను పసిబిడ్డలా ఎత్తుకుని నిలబడ్డాడు. పైడితల్లి చేతిలో తీగల చుట్ట, చంకలో లాగ్‌పుస్తకం.

"ఈల ఆపితే కంప్యూటర్‌కి గింజ కనిపించదు. పది నిమిషాలే. చేత్తో వెతికి పట్టుకుంటానంటున్నారు. మీరు నేర్చుకున్నది మూడు రోజులు!"

"సాయంత్రం ఎలాగూ తీసేస్తారు గదమ్మా," అంది పైడితల్లి. "రేపటికి దాచుకోవడానికి ఏటుంది?"

నీలోఫర్ చేతిగడియారం చూసుకుంది.

"మీకొక సంగతి అడుగుతాను. మీరు ఆ ఈల ఎంతసేపు విన్నారు?"

"రోజుకి ఐదు నిమిషాలు... పది నిమిషాలు."

"హెడ్‌ఫోన్లు తీసేస్తారు గదా, తర్వాత. ఆయనకి తీసుకోడానికి లేదు."

నీలోఫర్ ముఖంలో రంగు మారింది. పదకొండేళ్లలో ఆ సంగతి ఆమెకు తట్టలేదు. ఎవరూ లేని చోట ఈల వేస్తున్నామనుకుంది. ఎవరైనా ఉంటే? తలుపు తీసి పక్కకు జరిగింది.

"తీసుకురండి."

పన్నెండున్నరకు అన్నీ సిద్ధమయ్యాయి. మంచం పక్కన స్టూలుమీద రేడియో. యాంటెనా తీగను మాస్టారు కిటికీ ఊచకు కట్టాడు. నీలోఫర్ గోడగడియారం కింద, స్విచ్చు మీద చెయ్యి వేసి నిలబడింది. కంప్యూటర్ చివరిసారి చూపించిన అంకె దగ్గర పైడితల్లి మీట ఆపింది.

"ఆపుతున్నాను."

ఈల ఆగిపోయింది.

హెడ్‌ఫోన్లలో ఒక్కసారిగా గదంత ఖాళీ. పైడితల్లి విన్నది. పూర్తిగా ఒక నిమిషం విన్నది. మాస్టారు నేర్పినట్టే. తర్వాత మైకు నొక్కింది.

"ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా? ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా? ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా?"

వదిలింది. గరగర. ఇంకేమీ లేదు.

"రెండు నిమిషాలు," అంది నీలోఫర్.

ఆవగింజంత తిప్పి మళ్లీ అడిగింది. గరగర. ఇంకో ఆవగింజ. ఏమీ లేదు. వెనక్కి వచ్చింది.

"నాలుగు."

"మాస్టారూ, నేను సరిగ్గా ఆయనున్నచోట లేకపోతే, ఆయనకి నేనెలగ వినబడతాను?"

"బాతులా."

"బాతు అడిగితే జవాబు చెప్పడు. ఎవరిదో మాట నడుస్తోందనుకుంటాడు. మళ్లీ ఆగిపోతాడు!" ఆమె మాస్టారివైపు తిరిగింది. "సరిగ్గా చేరాలి. ఎటు వెళ్లాలి?"

"ఒంటి వేడినిబట్టి జరుగుతుందన్నారు కదా డాక్టరుగారూ?" అన్నాడు మాస్టారు.

"వేడెక్కితే కిందికి. చల్లబడితే పైకి. కానీ ఎంత జరిగిందో చెప్పే కంప్యూటరే ఇప్పుడు..."

పైడితల్లి ఎడమచెయ్యి చాచి భర్త నుదుటిమీద పెట్టింది. జ్వరం చూడటానికి వేలసార్లు పెట్టిన చెయ్యి. నుదురు చల్లగా తగిలింది.

"ఇప్పుడు ఒళ్లు తుడిచారా?"

"పన్నెండింటికి నర్సు తుడిచింది," అంది నీలోఫర్.

"తుడిచి, ఏసీలో దుప్పటి కప్పకుండా వదిలేసింది. మంచులాగున్నాడు." కుడిచెయ్యి మీటమీద పెట్టింది. ఎడమచెయ్యి నుదుటిమీదే ఉంచింది. ఆవగింజలు లెక్కపెట్టలేదు. కుట్టు కుదిరేదాకా మర తిప్పినట్టు పైకి, పైకి తిప్పుకుంటూ వెళ్లింది. గరగరలో ఒకచోట నేల మెత్తబడినట్టనిపించి ఆగింది.

"ఏడు నిమిషాలమ్మా."

"ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా?" ఊపిరి తీసుకుంది. "ఈ ఫ్రీక్వెన్సీ ఖాళీయేనా? ఈ ఫ్రీక్వెన్సీ..." గొంతు పూడుకుపోయింది. "ఖాళీయేనా?"

నిశ్శబ్దం. గరగర కూడా లేదు. ఏమీ లేదు. పైడితల్లి మైకును రెండు చేతులతో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, చెవులు రిక్కించి వింటోంది. ఎనిమిది నిమిషాలంది నీలోఫర్. ఎనిమిదిన్నర.

"అమ్మా!" మాస్టారు ఒక్క కేక పెట్టాడు. "వేలు! వేలు తియ్యి! నువ్వు నొక్కే ఉంచితే వాడెలా మాట్లాడతాడు?"

ఆమె ఉలిక్కిపడి బటన్ వదిలింది.

"...యే. ఖాళీయే. ఖాళీయేనండీ. పిలుస్తున్న స్టేషను ఎవరు? చెప్పండి, ఓవర్."

కొద్దిగా బాతు. కానీ దాలినాయుడు. ఊపిరి లేని గొంతు, తడి లేని గొంతు. అయినా ఆ మాట విరుపు, చివర సాగదీసే 'అండీ' ఆయనవే. మాస్టారు హెడ్‌ఫోన్ తీగ పీకేశాడు. గొంతు గదంతా నిండింది. నీలోఫర్ గడియారం చూడటం మానేసి గోడకు ఆనుకుంది.

పైడితల్లి మైకును గుండెకు హత్తుకుంది.

"స్టేషను పిలుస్తున్నవారూ, మీ మాట చివర్లో బలహీనంగా ఉంది. పేరు, ఊరు చెప్పండి. కొంచెం పైకి రండి. వెంట్రుకంత. ఓవర్."

ఆమె వెంట్రుకంత తిప్పింది. మైకు నొక్కింది.

"పేరు పైడితల్లి. ఊరు గోపాలపట్నం." మాస్టారు పక్కనుంచి సైగ చేశాడు. "ఓవర్," అంది.

ఈసారి వేలు వెంటనే తీసింది.

"నా రేడియో ముట్టుకున్నావేటే?"

మాస్టారు పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పైడితల్లి ఏడుస్తూ మైకులోకి అరిచింది.

"ముట్టుకున్నాను! దుమ్ము కూడా తుడిచాను! ఏం చేస్తావు? ఓవర్!"

"అన్నం పెట్టేశావా? కరెంటు పోయినట్టుంది పైడీ. చీకటిగా ఉంది. లేద్దామంటే ఎవడో దరిద్రుడు ఈల వేసుకుంటూ కూర్చున్నాడు. ఎంతసేపటినుంచో. మధ్యలో బాతులు. కాసేపటికి ఆపుతాడు, ఆపుతాడు అని చూస్తన్నాను. ఆపడే! ఒకోసారి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చెయ్యి కూడా లేవలేదు. ఎవడే వాడు? ఓవర్."

నీలోఫర్ ముందుకు వచ్చి చెయ్యి చాచింది. పైడితల్లి మైకు ఇచ్చింది.

"నాయుడుగారూ, నా పేరు నీలోఫర్. డాక్టర్ని. ఆ ఈల వేసింది నేనే. మీరు వింటున్నారని నాకు తెలియలేదు. తెలుసుకోవాల్సింది. క్షమించండి." బటన్ వదలబోయి, మళ్లీ నొక్కి, "ఓవర్," అంది.

"ఓహో. కొత్తవారాండీ?"

"కొత్తదాన్నే."

"పర్లేదమ్మా. మొదట్లో అందరం చేసిందే. ముందు వినండి. తర్వాత నొక్కండి. మా మాస్టారొకాయన భీమిలిలో ఉన్నారు, బాగా నేర్పుతారు. ఓవర్."

మాస్టారు మంచం అంచుమీద కూర్చున్నాడు.

చీకటి కరెంటు పోయినందుకు కాదని పైడితల్లి ఆయనకు నెమ్మదిగా చెప్పింది. పడిపోయిన రోజు, ఆసుపత్రి, గింజ, అన్నీ. దాచలేదు. ఒక్కో మాటకూ ఆగి, ఓవర్ అని, ఆయన 'ఊఁ' అన్నాకే తర్వాతి మాట చెప్పింది. అంతా విన్నాక ఆయన అన్నది ఒక్కటే.

"అయితే చచ్చిపోలేదన్నమాట. ఓవర్."

"లేదు. ఉన్నావు. రాసి ఇస్తారు, నాలుగు గంటలకి. ఓవర్."

"నీ చెయ్యెక్కడుంది?"

"నీ నుదుటిమీద."

"తెలీడం లేదు. అయినా ఉంచు."

*

నాలుగు గంటలకు సంఘం కూర్చుంది. అప్పటికి పైడితల్లి తన చేతిమీటతోనే గింజను మూడుసార్లు కంప్యూటర్‌కు పట్టిచ్చింది. ఆ మూడుసార్లూ దొరికిన అంకెలు చూసుకుని, నీలోఫర్ దగ్గర పనిచేసే కుర్రాళ్లు, ఈల లేకుండానే, దాలినాయుడి గొంతునే ఆనవాలుగా చేసుకుని వెంట నడిచే పద్ధతిని ఆ గంటల్లోనే కట్టేశారు. సభ్యులు ఆయన్ని ఏడు ప్రశ్నలు అడిగారు. ఏడింటికీ జవాబు చెప్పి, ఎనిమిదోది తనే అడిగాడు, వాళ్లలో ఎవరికైనా రేడియో లైసెన్సు ఉందా అని. 'లోపల ఎవరూ లేరు' అన్న కాగితాన్ని అధ్యక్షుడు నిలువుగా చింపాడు. ముప్ఫై రోజులు నిండాక రెండో చెవి వెనక కొత్త గింజ పెట్టడానికి అందరూ సంతకాలు చేశారు.

నీలోఫర్ మాత్రం అక్కడ కూర్చోలేకపోయింది. వరండాలోకి వచ్చి ఫోన్ తీసింది. దాలినాయుడికి ముందు గింజ పెట్టింది ఒక్కరికే. బొబ్బిలిలో పోస్టుమాస్టరుగా చేసినాయన. పోయిన ఏడాది ముప్ఫై రోజులూ ఈల విని, ఒక్క మాటా చెప్పలేదు. ఎవరూ లేరని నీలోఫర్ సంతకం చేసి ఇంటికి పంపింది. ఆయన ఎందుకు మాట్లాడలేదో ఆమెకు తెలియదు. ఇంకా బతికే ఉన్నాడని మాత్రం తెలుసు.

అవతల ఆయన కూతురు ఫోన్ ఎత్తింది.

"నేను నీలోఫర్‌నమ్మా. మీ నాన్నగారి దగ్గరికి రేపు పొద్దున్న వస్తున్నాను. ఈసారి ముందు వింటాను."

గదిలో మాస్టారు లాగ్‌పుస్తకం తెరిచాడు. దాలినాయుడి చేతిరాతలో ముప్ఫయ్యేళ్ల మనుషులు, వరసగా. తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, పేరు, ఊరు, గొంతు ఎంత బాగా అందిందో ఐదింటికి ఒక అంకె. చివరి వరస రెండు నెలల కిందట సగంలో ఆగిపోయింది. దాని కింద కొత్త వరసలో పైడితల్లి తేదీ వేసింది. పన్నెండూ ముప్ఫయ్యెనిమిది అని వేళ వేసింది. పేరు దగ్గర భర్త పేరు రాసి, మైకు నొక్కింది.

"నీకు ఐదు వేస్తున్నాను. బాగా అందావు. నాకెంత వెయ్యాలి? ఓవర్."

"మూడు."

"మూడేనా?"

"గొంతు పూడిపోయింది, చివర మాట మింగేశావు, బటన్ వదలడం మర్చిపోయావు. అబద్ధం రాయకూడదు పైడీ, అది లాగ్‌పుస్తకం. రేపు ఏడున్నరకి మళ్లీ పిలు. అప్పుడు చూద్దాం. ఓవర్."

పైడితల్లి మూడు వేసింది. దుప్పటి లాగి ఆయన మెడదాకా కప్పింది. నుదురు వెచ్చబడ్డాక మీటను వెంట్రుకంత కిందికి తిప్పింది.